కారుకూ కావాలి ఒక ప్రైవేట్ నంబరు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు తరతరాలుగా రైలు కూతల మధ్యే బతుకుతున్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపుల నుంచి వచ్చిన తాతలు వర్క్‌షాపులోనో, యార్డులోనో, లోకో షెడ్డులోనో చేరి ఇక్కడే స్థిరపడ్డారు. అప్పట్లో సొంత ఊరికి వెళ్ళాలంటే రైలే దిక్కు. ఇప్పుడు వాళ్ళ మనవలు కార్లు కొంటున్నారు. సంక్రాంతికి కుటుంబమంతా కారెక్కి, 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని బాలాసోర్, భువనేశ్వర్, బరంపురం మీదుగా శ్రీకాకుళం దాకా వెళ్ళి వస్తున్నారు.

ఇక్కడి శాఖలో వాహన రుణాల దరఖాస్తులు చూస్తుంటాను కాబట్టి నాకు ఈ మార్పు కొటేషన్ కాగితాల్లోనే కనిపిస్తుంది. ఒకప్పుడు అందులో రంగు, మోడలు, ఏసీ ఉందా లేదా అన్న వివరాలుండేవి. ఇప్పుడు ‘కనెక్టెడ్’ అన్న మాట వచ్చి చేరింది. అంటే ఫోనులోంచే కారు తాళం తీయవచ్చు, ఎక్కకముందే ఏసీ వేయవచ్చు, కారు ఎక్కడుందో మ్యాపులో చూసుకోవచ్చు. దాని వెంటే ఒక ప్రశ్న కూడా వచ్చింది. రుణం కోసం వచ్చినవాళ్ళూ, మన సిబ్బంది ఇళ్ళలోవాళ్ళూ తరచూ అడుగుతున్నారు: “బ్యాంకు ఖాతాల్లోకి దూరినట్టు కారులోకి కూడా దూరతారా?”

దూరగలరు. పరిశోధకులు దూరి చూపించారు, దొంగలు దూరి ఎత్తుకుపోయారు. అయితే ఎలా దూరతారో తెలిస్తే ఎంత భయపడాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది. విషయం సాంకేతికమైనదే. కానీ ఇందులోని అసలు కిటుకు బ్యాంకు కుటుంబాలకూ రైల్వే కుటుంబాలకూ కొత్త కాదు.

చక్రాల మీద కంప్యూటర్లు

పాత అంబాసిడర్‌లో బ్రేకు తొక్కితే ఆ బలం ఆయిల్ గొట్టాల గుండా నేరుగా చక్రానికి చేరేది. యాక్సిలరేటర్‌కి ఒక ఇనుప తీగ ఉండేది. హారన్‌కి ఒక వైరు, లైటుకి ఒక వైరు. ఏది పాడైనా మెకానిక్ ఆ తీగ పట్టుకుని వెళ్ళి తప్పు కనిపెట్టేవాడు.

ఇప్పటి కారులో ఇంజనుకొక చిన్న కంప్యూటరు, బ్రేకులకొకటి, గాలిసంచులకొకటి, స్టీరింగుకొకటి, తలుపులకొకటి, మ్యూజిక్ సిస్టంకొకటి ఉంటాయి. వీటిని ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు, క్లుప్తంగా ఇ.సి.యు.లు అంటారు. మామూలు కారులో ఇవి డజన్ల సంఖ్యలో ఉంటాయి. ఖరీదైన కార్లలో వంద దాటుతాయి.

ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోక తప్పదు. చక్రం జారుతోందని బ్రేకు కంప్యూటరు కనిపెడితే ఇంజను వేగం తగ్గించాలి. ఢీకొన్నట్టు గాలిసంచి కంప్యూటరు గుర్తిస్తే తలుపుల తాళాలు తెరుచుకోవాలి. ప్రతి జంటకూ విడివిడిగా వైర్లు వేస్తూ పోతే కారు నిండా రాగి తీగలే ఉంటాయి. బరువూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

దీనికి జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో పరిష్కారం వెతకడం మొదలుపెట్టింది. 1986లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సమావేశంలో దాన్ని ప్రకటించింది. దాని పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. అందరూ క్యాన్ అంటారు. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే కార్లలో దాదాపు అన్నిటి లోపలా ఇదే నడుస్తోంది.

ఒకే తీగ మీద అందరి మాటలు

క్యాన్ ఎలా పనిచేస్తుందో రైల్వేవాళ్ళకు చెప్పడం తేలిక. సెక్షన్ కంట్రోల్ ఫోను గుర్తుందా? ఒక సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఒకే లైను మీద ఉంటాయి. కంట్రోలరు మాట్లాడితే రిసీవరు ఎత్తిన ప్రతి స్టేషన్‌కూ వినిపిస్తుంది. తమకు పనికొచ్చే మాటను స్టేషన్ మాస్టర్లు తీసుకుంటారు, మిగతాది వదిలేస్తారు.

క్యాన్ కూడా అంతే. మెలిపెట్టిన రెండు తీగల మీద కంప్యూటర్లన్నీ తగిలించి ఉంటాయి. ఒకటి మాట్లాడితే అన్నీ వింటాయి. ప్రతి సందేశానికీ ముందు ఒక గుర్తింపు సంఖ్య, వెనక గరిష్ఠంగా 8 బైట్ల సమాచారం ఉంటాయి. ఆ సంఖ్య ‘ఇది చక్రాల వేగం’, ‘ఇది బ్రేకు పెడల్ స్థితి’ అని సందేశం దేని గురించో చెబుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే చిన్న సంఖ్య ఉన్న సందేశానికి దారి దొరుకుతుంది, పెద్ద సంఖ్యవాడు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తాడు. స్టేషన్‌లో మెయిలుకు లైను ఇచ్చి గూడ్సును లూపులో ఆపినట్టన్నమాట. సందేశం దారిలో చెడిపోయిందేమో చూసే లెక్క కూడా అందులోనే ఉంటుంది. ఇదంతా సెకనుకు వందల, వేల సార్లు జరుగుతుంది.

చవకైనది, గట్టిది, నమ్మకమైనది. ఇంజను వేడికీ, కుదుపులకూ, విద్యుత్ రొదకూ తట్టుకుంటుంది. అందుకే దాదాపు నలభై ఏళ్ళయినా నిలబడింది.

మరి లోపం ఎక్కడుంది?

పేరు లేని మాట

క్యాన్ సందేశంలో ‘ఇది దేని గురించి’ అన్నది ఉంటుంది. ‘ఇది ఎవరు పంపారు’ అన్నది ఉండదు. వచ్చిన సందేశం చెడిపోలేదా అని కంప్యూటరు పరీక్షిస్తుంది. అది నిజంగా రావలసిన చోటు నుంచే వచ్చిందా అని పరీక్షించదు. సరైన సంఖ్యతో, సరైన ఆకారంలో వచ్చిన ప్రతి మాటనూ నమ్ముతుంది.

1980ల్లో ఇది పొరపాటేమీ కాదు. అప్పటి కారుకు బయటి ప్రపంచంతో సంబంధం లేదు. ఆ తీగ మీద ఉన్నవన్నీ ఫ్యాక్టరీలో బిగించినవే. ఇంట్లో నలుగురే ఉన్నప్పుడు వంటింట్లోంచి “అన్నం తినడానికి రండి” అని కేక వినబడితే ఎవరు పిలిచారని గుర్తింపు కార్డు అడగం కదా. తరవాతి రోజుల్లో ఆ ఇంటికి కిటికీలు, దొడ్డిదారులు, ఇంటర్నెట్టు వచ్చాయి. లోపలివాళ్ళ అలవాటు మాత్రం మారలేదు. ఎవరు కేక వేసినా లేచి వస్తూనే ఉన్నారు.

రైల్వే, బ్యాంకు ముందే నేర్చుకున్న పాఠం

మా శాఖలో పెన్షన్ తీసుకునే ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టరు గారితో ఈ సంగతి మాట్లాడుతుంటే ఆయన తేలిగ్గా తేల్చేశారు. “మరి ప్రైవేట్ నంబరు లేదాండీ దానికి? మా రోజుల్లో గేట్‌మ్యాన్ గొంతు ఇరవై ఏళ్ళుగా తెలిసినా సరే, నంబరు చెప్పకపోతే గేటు పడిందని నమ్మేవాళ్ళం కాదు.”

ఆయన చెప్పినది రైల్వేలో ఇప్పటికీ ఉన్న పద్ధతి. స్టేషన్ మాస్టరుకూ గేట్‌మ్యాన్‌కూ, పక్క స్టేషన్లకూ మధ్య ముఖ్యమైన హామీలు ఫోనులో ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాటతో పాటు ఒక రహస్య సంఖ్య కూడా చెప్పాలి. ఆ సంఖ్యలు ముందుగానే అచ్చువేసి ఇచ్చిన కాగితంలో ఉంటాయి. వరసగా ఉండవు, ఊహించడానికి వీల్లేదు. ఒకసారి వాడిన సంఖ్యను కొట్టేయాలి. ఇందులో రెండు రక్షణలున్నాయి. మాట్లాడేది అసలు మనిషే అని తెలుస్తుంది. ఈ మాట ఇప్పటిదే, నిన్నటి మాటను ఎవరో మళ్ళీ వినిపించడం లేదని కూడా తెలుస్తుంది.

మన బ్యాంకుల్లోనూ ఇదే పాఠం ఉంది. టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్‌లు నడిచిన కాలంలో, ఫలానా ఖాతాకు ఇంత చెల్లించండి అని తంతి వస్తే చాలేది కాదు. తంతిలోని కోడునూ చెక్ సిగ్నల్‌నూ అధికారి రహస్య పుస్తకంతో సరిచూసి, లెక్క కుదిరితేనే చెల్లించేవారు. తంతి పోస్టాఫీసు నుంచే వచ్చిందిగా అని నమ్మేస్తే బ్యాంకులు ఎప్పుడో మూతపడేవి. మన ఇళ్ళలోని పెద్దవాళ్ళలో ఆ పుస్తకాలను బీరువాలో తాళం వేసి కాపాడినవాళ్ళు ఇంకా ఉన్నారు.

చూపించేదానికీ ఉన్నదానికీ తేడా వస్తే ఏమవుతుందో మన ఖరగ్‌పూర్ డివిజన్‌కు వేరే చెప్పనక్కర్లేదు. 2023 జూన్ 2 సాయంత్రం బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు పచ్చ సిగ్నలు పడింది. పాయింటు మాత్రం లూప్ లైను వైపు ఉంది. రైలు ఆగివున్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. అది హ్యాకింగ్ కాదు. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. దాన్ని ఇక్కడ తలచుకోవడం ఒక్క సంగతి కోసం. డ్రైవరు చేయవలసింది చేశాడు, సిగ్నలును నమ్మాడు. వేగంగా పోయే ప్రతి బండీ తనకు అందే సంకేతాన్ని నమ్మే పోవాలి. కాబట్టి ఆ సంకేతం నిజమైనదై ఉండాల్సిన బాధ్యత దాన్ని తయారుచేసినవాళ్ళది. కారు లోపలి తీగకూ ఇదే వర్తిస్తుంది.

లోపలికి దారులు ఎన్ని?

మొదటి దారి స్టీరింగు కింద ఉండే ఓ.బి.డి. సాకెట్టు. సర్వీసు సెంటర్‌లో మెకానిక్ తన యంత్రాన్ని తగిలించేది దానికే. 2010లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని ద్వారా నకిలీ సందేశాలు పంపి, నడుస్తున్న కారులో బ్రేకులు పనిచేయకుండా చేశారు. కారులో కూర్చుని చేస్తే గొప్పేముందని కొందరు కొట్టిపారేశారు. మరుసటి ఏడాది అదే బృందం మ్యూజిక్ సీడీ ద్వారా, బ్లూటూత్ ద్వారా, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కూడా లోపలికి వెళ్ళవచ్చని నిరూపించింది.

రెండో దారి మధ్యలో ఉండే టచ్ స్క్రీను. 2015 జులైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, మైళ్ళ దూరంలో హైవే మీద పోతున్న జీప్ చెరోకీని తమ చేతుల్లోకి తీసుకున్నారు. నడుపుతున్నది ఆండీ గ్రీన్‌బర్గ్ అనే పాత్రికేయుడు. ఆయనకు ముందే చెప్పి చేసిన ప్రయోగమే అది. ముందు ఏసీ దానంతటదే పెరిగింది. తరవాత రేడియో మోగింది, వైపర్లు తిరిగాయి. చివరికి యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోవడం మానేసింది. దారి ఎలా దొరికింది? టచ్ స్క్రీను మొబైల్ నెట్‌వర్క్‌కు కలిసి ఉంది. అది నేరుగా క్యాన్‌తో మాట్లాడదు, మధ్యలో ఒక చిప్పు ఉంది. ఆ చిప్పులోని సాఫ్ట్‌వేర్‌ను మార్చబోతే ‘నువ్వు కంపెనీవాడివేనా?’ అని అది అడగలేదు. కంపెనీ అమెరికాలో 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సి వచ్చింది.

మూడో దారి తాళం. జేబులో తాళం ఉంటే చాలు, తలుపు ముట్టుకోగానే తెరుచుకునే కార్లున్నాయి కదా. తాళం దగ్గరలో ఉందా లేదా అన్నది కారు రేడియో సంకేతంతో తెలుసుకుంటుంది. ఒకడు మీ ఇంటి గుమ్మం దగ్గరా, ఇంకొకడు కారు దగ్గరా చెరొక యంత్రంతో నిలబడి ఆ సంకేతాన్ని మోసుకెళితే, ఇంట్లో మేకుకు వేలాడుతున్న తాళం తన పక్కనే ఉందని కారు నమ్ముతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లోనే 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్ళ మీద దీన్ని చేసి చూపించారు. ఇక్కడ తాళం అసలుదే, రహస్య సంఖ్యా అసలుదే. మోసమంతా దూరంలో ఉంది.

నాలుగో దారి వింటే ఆశ్చర్యం వేస్తుంది. అది హెడ్‌లైటు. ఇంగ్లండులో ఇయాన్ టాబర్ అనే సైబర్ భద్రతా నిపుణుడి కారు 2022లో పోయింది. అంతకు ముందు ఎవరో బంపరు లాగి హెడ్‌లైటు వైర్లు పీకిన గుర్తులు ఆయన చూశారు, ఆకతాయి పని అనుకున్నారు. కారు పోయాక కెన్ టిండెల్ అనే మరో నిపుణుడితో కలిసి ఆరా తీశారు. హెడ్‌లైటుకు కూడా ఒక కంప్యూటరు ఉంటుంది, దాని వెనక క్యాన్ తీగ ఉంటుంది. దొంగలు అక్కడ ఒక చిన్న యంత్రం తగిలించి, ‘తాళం సరైనదే, తలుపు తెరువు’ అని నకిలీ సందేశం పంపారు. ఆ యంత్రం పైకి బ్లూటూత్ స్పీకరులా కనబడుతుంది. 2023 ఏప్రిల్‌లో వాళ్ళు బయటపెట్టిన ఈ కథలో తాళం ఎంత గొప్పదైనా లాభం లేకపోయింది. తాళాన్ని ఎవరూ అడగలేదు, తీగ మీద వచ్చిన మాటనే నమ్మారు.

ఐదో దారి అసలు కారులోనే లేదు, కంపెనీ సర్వర్‌లో ఉంది. 2024లో కొందరు పరిశోధకులు అమెరికాలో కియా కంపెనీ డీలర్ల కోసం నడిపే వెబ్‌సైటులో లోపం కనిపెట్టారు. నంబరు ప్లేటు మీది అంకెలతోనే లక్షల కార్లలో దేన్నయినా ఎక్కడుందో కనుక్కుని, తాళం తీయగలిగేవారు. కంపెనీకి చెప్పి, అది సరిదిద్దిన తరవాతే వివరాలు ప్రకటించారు. కారు ఎంత గట్టిదైనా, దానికి ఆజ్ఞలిచ్చే సర్వరు ‘నువ్వు డీలరువేనా?’ అని సరిగ్గా అడగకపోతే అంతే.

ఐదు దారుల్లోనూ రోగం ఒకటే. ఏం చెప్పారో విన్నారు, ఎవరు ఎక్కడి నుంచి చెప్పారో చూడలేదు.

మందు ఏమిటి?

మొదటి మందు గోడ కట్టడం. బ్రేకులు, స్టీరింగు, ఇంజను ఒక తీగ మీద, పాటలు, బొమ్మలు వేరే తీగ మీద పెట్టి, మధ్యలో గేట్‌వే అనే కాపలా కంప్యూటరు పెడతారు. మన క్యాష్ కౌంటరుకూ ఖాతాదారుల హాలుకూ మధ్య ఉండే తలుపు లాంటిది అది. పాటల వైపు నుంచి బ్రేకులకు ఆజ్ఞ వస్తే అక్కడే ఆపేస్తుంది.

రెండోది అచ్చంగా ప్రైవేట్ నంబరే. కొత్త తరం కార్లలో ముఖ్యమైన సందేశాల వెనక ఒక రహస్య ముద్రను జతచేస్తున్నారు. పంపేవాడికీ అందుకునేవాడికీ మాత్రమే తెలిసిన రహస్య కీతో లెక్కగట్టిన సంఖ్య అది. దానితో పాటు పెరుగుతూ పోయే ఒక లెక్కింపు కూడా ఉంటుంది కాబట్టి పాత సందేశాన్ని మళ్ళీ వాడటం కుదరదు. రిటైర్డ్ మాస్టరు గారు చెప్పిన రెండు రక్షణలూ ఇక్కడ ఉన్నాయి.

ఇంత తేలికైతే ఎప్పుడో చేసేవారుగా అనిపించవచ్చు. చిక్కు చోటులో ఉంది. పాత క్యాన్ సందేశంలో ఉన్నదే 8 బైట్లు. పూర్తి ముద్రకు 16 బైట్లు కావాలి. పోస్టుకార్డు మీద స్టాంపు పేపరు అంటించినట్టవుతుంది. అందుకే ముద్రలో కొంత భాగాన్నే పంపుతారు, లేదా 64 బైట్లు పట్టే కొత్త రకం క్యాన్ వాడతారు. ఇంకో చిక్కు వేగం. బ్రేకు సందేశం సెకనులో వందో వంతులో చేరాలి, ముద్ర సరిచూడటం కూడా ఆ లోపలే అయిపోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ రహస్య కీలను ఫ్యాక్టరీ నుంచి సర్వీసు సెంటరు దాకా ఎవరు ఎలా కాపాడాలన్నది. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి చేతుల్లో ఎందుకుంటాయో తెలిసిన మనకు అది అర్థం కాని విషయం కాదు.

మూడోది సాఫ్ట్‌వేర్‌కు సంతకం. కంపెనీ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను కారు తనలోకి రానివ్వకూడదు. జీప్ కథలో లేనిది అదే.

ఇవన్నీ ఇప్పుడు కంపెనీల ఇష్టానికి వదిలేసిన విషయాలు కావు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 2020 జూన్‌లో 155వ నంబరు నిబంధనను ఆమోదించింది. వాహనం తయారీ మొదలుకొని రోడ్డు మీద తిరిగినంత కాలం సైబర్ ప్రమాదాలను కనిపెట్టి సరిదిద్దే వ్యవస్థ తయారీదారుకు ఉండాలని దాని సారం. ఐరోపాలో ఇది 2022 జులై నుంచి కొత్త మోడళ్ళకు, 2024 జులై నుంచి కొత్తగా అమ్మే వాహనాలన్నిటికీ వర్తిస్తోంది. మన దేశంలోనూ అదే ఒరవడిలో సైబర్ భద్రతకు ఎ.ఐ.ఎస్.-189, సాఫ్ట్‌వేర్ మార్పులకు ఎ.ఐ.ఎస్.-190 అనే ప్రమాణాలు రూపొందాయి.

ఈ పనిలో మన ఊరి పాత్ర కూడా ఉంది. హిజిలీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో తరగతులు మొదలుపెట్టిన ఖరగ్‌పూర్ ఐఐటీ, రైల్వే కాలనీలకు కొద్ది దూరంలోనే ఉంది. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఆచార్య దేబదీప్ ముఖోపాధ్యాయ్ చిప్పుల భద్రత మీద పనిచేస్తున్నారు. ఆయనకు 2021 శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. అదే విభాగంలో ఆచార్య సౌమ్యజిత్ డే బృందం వాహనాల నియంత్రణ వ్యవస్థల మీద జరగగల దాడుల గురించి, వాటిని పసిగట్టే పద్ధతుల గురించి పరిశోధనలు చేస్తోంది. ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలకు ఇది మంచి ఉపాధి దారి అని కూడా గుర్తుపెట్టుకోవాలి. కార్ల గురించీ తెలిసి, నెట్‌వర్క్ గురించీ తెలిసి, భద్రత గురించీ తెలిసినవాళ్ళు తక్కువ.

ఎంత భయపడాలి?

మేనేజ్‌మెంట్ చదువులో రిస్కును రెండు ప్రశ్నలతో కొలవమంటారు. జరిగే అవకాశమెంత? జరిగితే నష్టమెంత?

నడుస్తున్న మీ కారును ఎక్కడో కూర్చుని ఎవరో ఆపేయడం జరిగితే నష్టం చాలా పెద్దది. కానీ మామూలు కుటుంబానికి అది జరిగే అవకాశం చాలా తక్కువ. జీప్ ప్రయోగం వెనక ఇద్దరు నిపుణుల సుదీర్ఘ శ్రమ ఉంది. అంత కష్టపడేవాడికి మన కారును ఆపితే వచ్చే లాభం లేదు. ఆ ప్రమాదాన్ని చూసుకోవలసింది కంపెనీలు, ప్రభుత్వం.

తాళం సంకేతం మోసుకెళ్ళి కారు ఎత్తుకుపోవడం, ఫోనును కబ్జా చేసి అందులోని కారు యాప్‌నూ బ్యాంకు యాప్‌నూ వాడుకోవడం, అమ్మేసిన కారులో మన వివరాలు మిగిలిపోవడం మాత్రం వేరు. వీటికి పెద్ద చదువు అక్కర్లేదు, లాభం వెంటనే కనబడుతుంది. జరిగే అవకాశం ఎక్కువ, మన చేతిలో ఉన్న జాగ్రత్తలూ ఎక్కువే. మన శ్రద్ధ ఇక్కడ పెట్టాలి.

ఇంకో మాట. హ్యాకర్ల గురించి ఆలోచిస్తూ సీటు బెల్టు మరచిపోకండి. నిద్రమత్తులో రాత్రంతా నడపడం ఏ హ్యాకరు కన్నా ప్రమాదమే.

ఇంట్లో పాటించవలసినవి

1. కారు యాప్ ఉన్న ఫోను కారు తాళంతో సమానం. దానికి గట్టి లాకు పెట్టండి. కారు యాప్ పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు ఒకటే ఉండకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ‘మీ బండికి ఈ-చలాన్ పడింది, ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోండి’ అని వాట్సాప్‌లో వచ్చే ఎ.పి.కె. ఫైళ్ళను తాకవద్దు. చలాన్ ఉందో లేదో ప్రభుత్వ పరివహన్ వెబ్‌సైటులో మీరే చూసుకోండి.

2. కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను వాయిదా వేయకండి. సర్వీసుకు ఇచ్చినప్పుడు ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, రీకాల్ ఏమైనా ఉన్నాయా?’ అని అడిగి జాబ్ కార్డులో రాయించండి. కొనేటప్పుడే ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో డీలరును అడగండి. మైలేజీ ఎంతని అడిగినట్టే ఇదీ అడగాల్సిన ప్రశ్న.

3. స్టీరింగు కింద సాకెట్టుకు తగిలించే చవక పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొన్న చోటు, తయారుచేసినవారు తెలియకపోతే వాటిని వాడకండి. పని అయ్యాక సాకెట్టులో ఉంచేయకండి.

4. స్మార్ట్ తాళాన్ని రాత్రి వీధి గుమ్మం పక్కన మేకుకు తగిలించకండి. ఇంటి లోపలి గదిలో, మూత బిగుతుగా పడే రేకు డబ్బాలో పెట్టండి. డబ్బాతో సహా కారు దగ్గరికి వెళ్ళి తలుపు లాగి చూడండి. తెరుచుకోకపోతే డబ్బా పనిచేస్తున్నట్టే. పాతకాలపు ఇనుప స్టీరింగు లాకును కూడా చిన్నచూపు చూడకండి. ఏ నకిలీ సందేశమూ దాన్ని తెరవలేదు.

5. హెడ్‌లైట్లు, మ్యూజిక్ సిస్టం, రివర్స్ కెమెరా బయట బిగించుకునేటప్పుడు వైర్లు కోసి అతికించనివ్వకండి. కోసిన ప్రతి వైరూ వారంటీ గొడవే కాదు, లోపలి తీగకు కొత్త దారి కూడా.

6. సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాత యజమాని ఖాతాను కంపెనీ యాప్ నుంచి తీయించి మీ పేరున నమోదు చేయించుకోండి. రిజిస్ట్రేషన్ మీ పేరుకు మారినా, యాప్ ఆయన ఫోనులోనే ఉంటే కారుకు ఇద్దరు యజమానులున్నట్టే. రెండు తాళాలూ అడిగి తీసుకోండి. అమ్మేటప్పుడు స్క్రీను సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ కాంటాక్టులు, ఇంటి చిరునామా, పిల్లల స్కూలు దారి అన్నీ అందులో ఉంటాయి.

7. బంపరు లాగినట్టు, హెడ్‌లైటు వెనక వైర్లు కదిలినట్టు, కారణం లేకుండా హెచ్చరిక లైట్లన్నీ ఒకేసారి వెలిగినట్టు కనబడితే తేలిగ్గా తీసుకోకండి. అదే రోజు అధీకృత సర్వీసు సెంటర్‌లో చూపించండి. కారు పోతే పోలీసులకూ, బీమా కంపెనీకీ, రుణం ఉంటే శాఖకూ వెంటనే తెలపండి. బీమా క్లెయిమ్‌లో సాధారణంగా రెండు తాళాలూ అడుగుతారు కాబట్టి రెండోదాన్ని భద్రంగా ఉంచండి. ఫోను మోసం వల్ల డబ్బు పోతే 1930కి ఫోను చేయడంలో ఆలస్యం వద్దు.

ఈ ఏడింటిలో ఖర్చుతో కూడినది ఒక్క స్టీరింగు లాకే. మిగతావన్నీ అలవాట్లు. మన ఇళ్ళలో పిల్లలకు ఇప్పటికే ఒక మాట నేర్పాం: బ్యాంకు నుంచి ఫోను చేస్తున్నామని ఎవరైనా అంటే, ఏం చెబుతున్నారో వినే ముందు ఎవరు చెబుతున్నారో తేల్చుకోమని. ఆ నియమాన్నే కార్ల కంపెనీలు ఇప్పుడు తమ కార్లకు నేర్పుతున్నాయి. అవి పూర్తిగా నేర్చుకునే దాకా, ఇంట్లో ఆ పని మనం చేద్దాం. వచ్చేసారి కారు కొనడానికి వెళ్ళినప్పుడు రంగుతో పాటు, మైలేజీతో పాటు, డీలరును ఇది కూడా అడగండి: “ఈ కారు ఎవరి మాట పడితే వారి మాట వింటుందా, సరిచూసుకుని వింటుందా?”